నమ్మనోళ్లకు దేవుని ముచ్చట ఎందుకు?

కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో నలుగురు కూర్చున్న చోట దేవుడి మాట నడుస్తుంటుంది. నమ్మకం లేని మనిషి ఒకరు నోరు విప్పగానే పక్కనుంచి ఒక ప్రశ్న వస్తుంది: "దేవుడే లేడంటివి గదనే, మల్ల దేవుని ముచ్చట నీకెందుకు?" చాలాసార్లు ముచ్చట అక్కడే ఆగిపోతుంది. ఆపాల్సిన ప్రశ్న కాదది, విప్పాల్సిన ప్రశ్న. అడిగినవాళ్లు నిజంగా జవాబు కోరితే మన ఉత్తర తెలంగాణ నేల మీదే, గోదావరి పొడుగునా, జవాబులు దొరుకుతాయి. కొన్ని రెండు వేల ఏళ్లు దాటినవి, కొన్ని నిన్నమొన్నటివి.

ఎక్కువ మార్కులు ఎవరికి?

మీకు తెలుసా? 2010లో అమెరికాలో ప్యూ పరిశోధన సంస్థ మూడు వేల నాలుగు వందల మందికి పైగా జనాన్ని మతాల మీద 32 ప్రశ్నలు అడిగింది. బైబిలు, ఇస్లాం, బౌద్ధం, హిందూ ధర్మం అన్నీ అందులో ఉన్నాయి. సగటున 16 ప్రశ్నలకు సరైన జవాబులు వచ్చాయి. అందరికంటే ఎక్కువగా, దాదాపు 21 సరిగ్గా చెప్పినవాళ్లు ఎవరంటే నాస్తికులు, దేవుడు ఉన్నాడో లేడో తెలియదనేవాళ్లు. 2019లో మళ్లీ అడిగినప్పుడు యూదులు ముందుకు వచ్చారు, నాస్తికులు వాళ్ల వెంటే నిలిచారు.

కారణం ఊహించడం కష్టం కాదు. నమ్మకం ఇంట్లో ఉయ్యాలలోనే దొరుకుతుంది. అపనమ్మకం అట్లా దొరకదు. చదివి, అడిగి, అమ్మానాన్నలతో గొడవపడి, రాత్రుళ్లు మనసులో మథనపడి దాని దగ్గరికి చేరాలి. మన దేశంలో అయితే మరీను. 2019-20లో అదే సంస్థ ఇక్కడ దాదాపు 30 వేల మందిని అడిగితే 97 శాతం మంది దేవుణ్ని నమ్ముతామన్నారు. 2011 జనాభా లెక్కల్లో నాస్తికులమని రాయించుకున్నవాళ్లు దేశమంతా కలిపి 33 వేల చిల్లర.

అంటే మన దగ్గర నమ్మకం లేని మనిషి నూటికి తొంభై పాళ్లు నమ్మే ఇంట్లో పుట్టిన మనిషే. వేములవాడలో అమ్మ వెంట కోడె మొక్కు తీర్చుకున్న మనిషే. ఒగ్గుకథలో మల్లన్న పెండ్లి విని, పీరీల పండుగకు గుండం చుట్టూ తిరిగి, బతుకమ్మ కోసం గునుగుపూలు తెచ్చి పెరిగిన మనిషే. దుబాయి పోయినోళ్లు ఊరి ముచ్చట విడుస్తారా? వీళ్లు కూడా అంతే. నమ్మకం విడిచినంత మాత్రాన ఆ కథలు, ఆ పాటలు, ఆ పండుగల మీద మాట్లాడే హక్కు పోదు. నా లెక్కలో ఇది అన్నిటికంటే సహజమైన కారణం. అందరూ కోపమనుకునే దాని లోపల చాలాసార్లు ఉండేది పాత మమకారమే.

బాదనకుర్తి నుంచి పదహారు మంది

పాలి భాషలోని సుత్తనిపాతం బౌద్ధ గ్రంథాల్లో బాగా పాతది. దాని చివరి భాగమైన పారాయణవగ్గం ఎక్కడ మొదలవుతుందో తెలుసా? మన గోదావరి ఒడ్డున. కోసల నుంచి దక్షిణానికి వచ్చిన బావరి అనే వృద్ధ బ్రాహ్మణ గురువు అస్సక దేశంలో గోదావరి పక్కన ఆశ్రమం కట్టుకున్నాడు. ఆ చోటు నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తి అని తెలంగాణ చరిత్రకారులు కొందరు గుర్తించారు. ఇది పాత ఆదిలాబాద్ జిల్లా ఊరు. గోదావరి ఇక్కడ రెండు పాయలై ఊరిని దీవిగా చేస్తుంది.

బావరి పెద్ద యజ్ఞం చేసి ఉన్నదంతా దానం చేశాడు. తర్వాత ఒక బ్రాహ్మడు వచ్చి ఐదు వందలు అడిగాడు. లేవన్నాడు బావరి. "ఇవ్వకపోతే ఏడో రోజుకు నీ తల ఏడు ముక్కలవుతుంది" అని వచ్చినవాడు శపించాడు. అంత చదువుకున్న గురువు కూడా తిండి మానేసి బెంగతో చిక్కిపోయాడు. ఆ శాపం పెట్టినవాడికి తల సంగతి ఏమీ తెలియదనీ, తెలిసినవాడు ఉత్తరాన బుద్ధుడనీ ఒక దేవత చెప్పిందని కథ. అప్పుడు బావరి అజితుడు, పుణ్ణకుడు, మోఘరాజు, పింగియుడు వంటి పదహారు మంది శిష్యులను పంపాడు. వాళ్లు పైఠాన్, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి దాటి చివరికి మగధ చేరారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ పదహారు మంది బుద్ధుడి అనుచరులు కారు. వేదం చదువుకున్నవాళ్లు, జటలు కట్టినవాళ్లు. బుద్ధుడు చెప్పేది నమ్మి పోలేదు, పరీక్షించడానికి పోయారు. ప్రశ్నలు మనసులోనే అనుకొండి, ఆయన జవాబు చెప్తాడో లేదో చూడండి అని గురువు చెప్పి పంపాడు. పుణ్ణకుడు అడిగిన ప్రశ్న ఈనాటికీ పాతబడలేదు: ఋషులూ రాజులూ బ్రాహ్మణులూ దేవతలకు యజ్ఞాలు ఎందుకు చేశారు, దానివల్ల ముసలితనాన్నీ చావునూ దాటారా అని. బుద్ధుడు 'నువ్వు మా వాడివి కావు, నీకెందుకు' అనలేదు. ఒక్కొక్కరికీ జవాబు ఇచ్చాడు. తల సంగతీ చెప్పాడు: అజ్ఞానమే తల, దాన్ని పగలగొట్టేది జ్ఞానం అని. శాపానికి విరుగుడుగా మరో మంత్రం ఇవ్వలేదు.

ఈ కథను ఒక మతం గెలుపుగా చెప్పుకోవడం అలవాటు. నాకు మాత్రం బావరి గొప్పగా కనిపిస్తాడు. భయం పట్టుకున్నప్పుడు ఇంకో పూజ చేయించకుండా, తన దారికి బయట ఉన్న మనిషిని అడగడానికి అంత దూరం శిష్యులను పంపాడు.

గంగాధరలో ముగిసిన కావ్యం

మీకు తెలుసా? కరీంనగర్ జిల్లా గంగాధర పేరు సంస్కృత సాహిత్య చరిత్రలో ఉంది. క్రీ.శ. 959లో సోమదేవసూరి అనే జైన ముని యశస్తిలక చంపువును పూర్తి చేసింది అక్కడే. అప్పుడు వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటుల సామంతులుగా ఈ ప్రాంతాన్ని ఏలుతున్నారు. గంగాధర పక్కనే ఉన్న కురిక్యాల బొమ్మలగుట్ట మీద కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ రాయించాడు. తెలుగులో మనకు దొరికిన తొలి కంద పద్యాలు ఆ బండ మీదివే.

యశస్తిలకం నిండా వాదమే. ఉజ్జయిని రాజు యశోధరుడు చెడ్డ కల వచ్చిందని తల్లికి చెబుతాడు. దేవికి జంతుబలి ఇస్తే దోషం పోతుందని తల్లి అంటుంది. కొడుకు ఒప్పుకోడు. తల్లీ కొడుకుల మధ్య శాస్త్రాల మీద వాదం నడుస్తుంది. బలి తప్పదంటుంది ఆమె, ప్రాణం తీయనంటాడు ఇతడు. చివరికి పిండితో చేసిన కోడిని బలి ఇవ్వడానికి రాజీపడతారు. ఆ పిండికోడి బలికే తల్లీ కొడుకులు ఎన్నో జన్మలు జంతువులై పుట్టి బాధలు పడతారని కథ. తల్లి మాట కాదనలేక, మనసు ఒప్పుకోక మధ్యలో నలిగిన ఆ రాజు అవస్థ నేటి ఇళ్లలో ఎంతమందికి తెలియదు? బోనాల నాడు, మొక్కుల నాడు అమ్మ మనసు నొప్పించలేక ఎంతమంది నమ్మని కొడుకులు, నమ్మని బిడ్డలు పిండికోడి లాంటి రాజీలు చేసుకుంటున్నారు?

ఆ కావ్యంలో వైదికులు, బౌద్ధులు, శైవులు, జైనులు అందరి వాదాలూ వస్తాయి. ఆత్మ లేదు, పరలోకం లేదు అనే లోకాయతుల వాదం కూడా వస్తుంది. సోమదేవుడు దాన్ని ఖండిస్తాడు, కానీ ముందు వినిపిస్తాడు. ఇంకా ఆశ్చర్యం ఆయన రాసిన నీతివాక్యామృతంలో ఉంది. రాజు నేర్వవలసిన తర్కవిద్యలో సాంఖ్య యోగాలతో పాటు లోకాయతాన్ని చేర్చాడు. లోకాయతం తెలిసిన రాజు రాజ్యంలోని ముళ్లను ఏరివేయగలడన్నాడు. దేవుణ్నీ పరలోకాన్నీ లెక్కచేయని ఆలోచన పాలకుడికి పనికొస్తుందని చెప్పింది ఎవరు? ఆ ఆలోచనను ఒప్పుకోని ఒక ముని. వేములవాడలో ఆయన కోసం కట్టిన శుభధామ జినాలయానికి 966లో వేములవాడ చాళుక్య రాజు అరికేసరి ఒక ఊరిని దానమిచ్చాడు. శివుడి ఊరిలోనే జినాలయం, ఆ జినాలయంలో నాస్తికుల శాస్త్రం చదివిన ముని.

వాదంలో నమ్మనివాడికి ఆసనం వేయడం పడమటి నుంచి నిన్న వచ్చిన అలవాటు కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? చార్వాకులని కూడా పిలిచే ఈ లోకాయతుల సొంత గ్రంథాలు దాదాపుగా మిగలలేదు. వాళ్ల మాటలు మనకు తెలిసింది వాళ్లను ఖండించినవారి పుస్తకాల నుంచే. పద్నాలుగో శతాబ్దపు సర్వదర్శనసంగ్రహం చార్వాక దర్శనంతోనే మొదలవుతుంది. వాల్మీకి రామాయణంలో జాబాలి చిత్రకూటంలో రాముడి ముందే పరలోకం లేదని వాదిస్తాడు. రాముడు కోప్పడతాడు, కానీ జాబాలి మాటలు కావ్యంలో మిగిలే ఉన్నాయి.

నమ్మనివాళ్లను హిరణ్యకశిపుడితో పోల్చడం మన వైపు, ముఖ్యంగా ధర్మపురి నరసింహస్వామిని కొలిచే ఊళ్లలో, తరచుగా వింటాం. ఆ పోలిక సరికాదు. హిరణ్యకశిపుడు బ్రహ్మ కోసం ఘోర తపస్సు చేసి వరం పొందినవాడు. హరి మీద అతనికున్నది పగ. తనను తప్ప ఇంకెవరినీ కొలవొద్దని కొడుకును హింసించినవాడు. ఆ కథలో భిన్నంగా ఆలోచించినందుకు ఇంట్లో దెబ్బలు తిన్నది ప్రహ్లాదుడు. ఈనాడు నమ్మకం లేదన్నందుకు ఇంట్లో మాటలు పడే పిల్లలది కూడా అదే అవస్థ.

గాంధీ చూసిన ఇద్దరు నాస్తికులు

1891 జనవరిలో లండన్‌లో చార్లెస్ బ్రాడ్లా చనిపోయాడు. బ్రిటన్‌లో పేరుమోసిన నాస్తికుడు ఆయన. 1880లో పార్లమెంటుకు ఎన్నికైనా ప్రమాణం విషయంలో తోటి సభ్యులు గొడవ చేసి దాదాపు ఆరేళ్లు సభలో స్థిరంగా కూర్చోనివ్వలేదు. జనం మళ్లీ మళ్లీ గెలిపించారు. దేవుడి పేరెత్తకుండా ప్రమాణం చేసే హక్కు 1888లో చట్టమైంది. భారతీయులకు గట్టి మిత్రుడు, 1889లో బొంబాయి కాంగ్రెస్ సభకు వచ్చాడు. ఆయన అంత్యక్రియలకు వెళ్లినవారిలో లా చదువుకుంటున్న ఒక గుజరాతీ యువకుడు ఉన్నాడు. పేరు మోహన్‌దాస్ గాంధీ.

తిరుగు ప్రయాణంలో రైలు కోసం ఎదురుచూస్తుంటే, గుంపులోని ఒక నాస్తికుడు అక్కడున్న క్రైస్తవ మతాచార్యుడి మీద పడ్డాడు. భూమి చుట్టుకొలత ఇంత అని ఒప్పుకుంటారు గదా, మరి మీ దేవుడి కొలత ఎంత, ఎక్కడుంటాడు అని నిలదీశాడు. మన ఇద్దరి గుండెల్లోనే ఉంటాడని ఆయన మెల్లగా అన్నాడు. నన్ను చిన్నపిల్లాణ్ని చేయకండని ఇతడు గెలిచినట్టు చుట్టూ చూశాడు. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆ సంభాషణ తనకు నాస్తికత్వం మీద ఉన్న విముఖతను ఇంకా పెంచిందని గాంధీ ఆత్మకథలో రాశాడు. నమ్మనివారు వాదానికి దిగే కారణాల్లో ఇదీ ఒకటి, ఒప్పుకోవాలి: ఎదుటివారిని నలుగురిలో ఓడించే సరదా. దానివల్ల ఒక్కరి మనసూ మారదు.

ఇంకో నాస్తికుడు తెలుగువాడు. గోపరాజు రామచంద్రరావు, అందరూ పిలిచే పేరు గోరా. 1902లో పుట్టాడు. వృక్షశాస్త్రం చెప్పేవాడు. దేవుడి మీద తన అభిప్రాయాలు రాసినందుకు 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది, తర్వాత మచిలీపట్నంలోనూ పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. 1947లో దాన్ని విజయవాడకు మార్చాడు. పున్నమి నాడు అన్ని కులాలవారినీ కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టేవాడు.

గోరా 1930లోనే దేవుడంటే ఏమిటని అడుగుతూ గాంధీకి ఉత్తరం రాశాడు. దేవుడు మనిషి బుద్ధికి అందడని గాంధీ జవాబిచ్చాడు. పద్నాలుగేళ్ల తర్వాత సేవాగ్రామ్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు. గోరా దేవుడి కొలతలు అడగలేదు. అంటరానితనం ఎందుకు పోవడం లేదు, ఆకలిని కర్మ అనుకుని జనం ఎందుకు భరిస్తున్నారు, నమ్మకం మనిషి చేతులు కట్టేయడం లేదా అని అడిగాడు. గాంధీ తన నమ్మకాన్ని వదల్లేదు, గోరా తన అపనమ్మకాన్ని వదల్లేదు. కానీ గోరా పెద్ద కూతురికీ ఒక దళిత యువకుడికీ తన ఆశ్రమంలో పెళ్లి చేయడానికి గాంధీ ఒప్పుకున్నాడు. పెళ్లిలో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికీ ఒప్పుకున్నాడు. గాంధీ హత్య తర్వాత, 1948 మార్చిలో, ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది. ఈ మాటలన్నీ గోరా ఇంగ్లిషులో రాసిన పుస్తకంగా 1951లో అచ్చయ్యాయి. దాన్ని వేసింది గాంధీ స్థాపించిన నవజీవన్ ముద్రణాలయమే.

ఒకరు స్టేషన్లో గెలిచి గాంధీని దూరం చేసుకున్నారు. ఒకరు ఆశ్రమంలో కూర్చుని, గెలవకుండానే, ఒక పెళ్లి మంత్రాన్ని మార్పించారు.

వద్దన్నా వదలని మతం

మీకు తెలుసా? హిందూ ఇంట్లో పుట్టిన మనిషి నాకు దేవుడు లేడు, మతం లేదు అన్నా 1955 నాటి హిందూ వివాహ చట్టం వారికి వర్తిస్తుంది. ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు మతస్థులు కానివారు సాధారణంగా ఆ చట్టం కిందికే వస్తారు. విడాకులు ఆ చట్టం కిందే, ఆస్తి పంపకం, దత్తత అటువంటి హిందూ చట్టాల కిందే. అంటే నమ్మకం లేకపోయినా మతం పేరున్న చట్టం జీవితాంతం వెంట ఉంటుంది. అటువంటప్పుడు మతం మీద చర్చ నీకు సంబంధం లేనిదనడం ఎట్లా కుదురుతుంది?

మతంతో పనిలేకుండా పెళ్లి చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దానికి ముందు 1872లో వచ్చిన చట్టం ఇంకా కఠినం. ఆ చట్టం కింద పెళ్లాడాలంటే తాము హిందువులం కాము, ముస్లింలం కాము, క్రైస్తవులం కాము అంటూ అన్ని మతాలనూ వద్దని వరుసగా ప్రకటించాల్సి వచ్చేది.

1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఒక సవరణ తెచ్చాడు. రాజ్యాంగ పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలన్నాడు. దాన్ని కాదన్నవారిలో దేవుణ్ని నమ్మేవారూ ఉన్నారు. నమ్మకం మనస్సాక్షికి సంబంధించిన సంగతి, ఒకరి మీద రుద్దరాదన్నారు. ఓటు పెడితే అనుకూలం 41, వ్యతిరేకం 68. అందుకే మన పీఠిక ప్రజల పేరుతో మొదలవుతుంది. ఎన్నికైనవారు దైవసాక్షిగా అనో, దేవుడి పేరు లేకుండానో ప్రమాణం చేసే వీలు కూడా రాజ్యాంగంలోనే ఉంది. 1976లో చేరిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని, అడిగి తెలుసుకునే గుణాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అంటుంది. ప్రశ్నించడం హక్కుతో ఆగలేదు, విధి కూడా అయింది. ఇంకోవైపు మత భావాలను కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే శిక్ష పడే సెక్షను 1927 నుంచి ఉంది. ప్రశ్నకూ అవమానానికీ మధ్య గీత మసక కాదు. గాంధీతో మాట్లాడిన గోరా ఆ గీతకు ఇవతలే ఉన్నాడు.

2023లో తెలంగాణ హైకోర్టు ఇచ్చిన తీర్పు చాలామంది గమనించలేదు. తమ బిడ్డ జనన నమోదులో మతం, కులం రాయబోమన్న దంపతులు కోర్టుకు వెళ్లారు. దరఖాస్తులో 'మతం లేదు', 'కులం లేదు' అన్న గడి పెట్టాలని కోర్టు ఆదేశించింది. మతం పాటించకుండా ఉండే హక్కు కూడా మనస్సాక్షి స్వేచ్ఛలో భాగమేనంది. ఒక చిన్న గడి కోసం కోర్టు మెట్లెక్కిన ఆ తల్లిదండ్రులను చూస్తే, నమ్మనివాళ్లు మతం గురించి ఎందుకు మాట్లాడతారో వేరే చెప్పనక్కర్లేదు.

హేమలత చెల్లి నిలయం

మహాకవి గుర్రం జాషువా కూతురు హేమలత గోరా ఇంటి కోడలు. భర్త లవణం గోరా పెద్ద కొడుకు. ఈ నాస్తిక దంపతులు పక్కనే ఉన్న నిజామాబాద్ జిల్లాలో జోగిని వ్యవస్థ మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వర్ని దగ్గర చెల్లి నిలయం పేరుతో జోగినులకు ఆసరా కల్పించారు. దేవుడికి ఇచ్చామని చెప్పి దళిత ఇళ్ల చిన్న ఆడపిల్లలను ఊరి పెద్దలకు అప్పగించే ఆచారం అది. కరీంనగర్ వైపు ఊళ్లకూ ఈ పేరు కొత్త కాదు. దీన్ని నేరంగా ప్రకటిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం వచ్చింది.

దేవుడి పేరుతో జరిగే అన్యాయాన్ని ఆపాలంటే దేవుడి గురించి మాట్లాడక తప్పదు. ఎల్లమ్మకు ఇచ్చిన పిల్ల పెళ్లాడితే ఊరికి అరిష్టమని వణికే తల్లికి చట్టం సెక్షన్లు చదివి వినిపిస్తే సరిపోతుందా? ఆమె పక్కన కూర్చుని అమ్మవారి ముచ్చటే మాట్లాడాలి. నమ్మకం లేని హేమలతకు ఆ ముచ్చట అందుకే అవసరమైంది. ఆమె 2008లో, లవణం 2015లో కన్నుమూశారు.

చేతబడి: మన జిల్లాల పుండు

ఇక అసలు సంగతి. బావరిని పట్టుకున్న భయం మన ఊళ్లను ఇంకా విడవలేదు. 2020 నవంబరులో జగిత్యాల జిల్లా మల్యాల మండలం బల్వంతాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును చేతబడి అనుమానంతో సజీవంగా కాల్చేశారు. చంపింది అత్తింటి బంధువులే. 2022 జనవరిలో జగిత్యాల టి.ఆర్. నగర్‌లో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ ఇదే అనుమానంతో నలుగురి మధ్యే చంపారు. పేపర్లో రెండు రోజులు వచ్చి పోయే వార్తలివి. ఆ ఇళ్లలో మాత్రం జీవితాంతం ఉండే దుఃఖం.

ఇది ఎట్లా మొదలవుతుందో పల్లెలో పెరిగినవారికి తెలుసు. ఇంట్లో ఒకరికి ఫిట్స్ వస్తాయి, లేదా జ్వరం తగ్గదు, లేదా మనసు దిగాలుపడి తిండి సహించదు, లేదా బర్రె చనిపోతుంది. దవాఖాన దూరం, ఖర్చు ఎక్కువ. భూతవైద్యుడు దగ్గర. అతడు పేరు చెప్పకుండా, తూర్పు దిక్కు ఇల్లు, ముసలి మనిషి అని గుర్తులు చెబుతాడు. అనుమానం ఎప్పుడూ ఒంటరి మీదికే పోతుంది: వితంతువు, ముసలాయన, పాత భూమి తగాదా ఉన్న పాలివాడు. చేసింది రుజువు చేయమని ఎవరూ అడగరు. చేయలేదని రుజువు చేసుకోవడం ఆ మనిషి వల్ల కాదు.

అప్పుడు ఊరికి పోయి చేతబడి అనేది లేదని ఎవరు చెప్పాలి? జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు, హేతువాదులు, పోలీసు కళాబృందాలు, కొందరు డాక్టర్లు, కొందరు బడిపంతుళ్లు పోతున్నారు. బాణామతి భయం మెదక్ ఊళ్లను ఊపేసిన 1980ల్లో నాస్తిక కేంద్రం నుంచి డాక్టర్ సమరం వంటివారు, ఇంద్రజాలికులు, మానసిక వైద్యులు ఊరూరా తిరిగారు. నిప్పుల మీద నడిచి చూపించారు, నోట్లోంచి రాళ్లు, గుడ్డ పేలికలు రావడం వెనక కిటుకు విప్పారు. వాళ్లలో నమ్మనివారికి జనం వేసిన ప్రశ్న ఒకటే: "దేవుణ్నే నమ్మనోనివి, నీకు దయ్యం సంగతేం ఎరుక?"

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. చేతబడి లేదని ఒప్పుకోవడానికి దేవుడు లేడని ఒప్పుకోనక్కర్లేదు. రోజూ దీపం పెట్టే తల్లి కూడా చేతబడి అబద్ధమని గట్టిగా చెప్పొచ్చు. చెబితే నాస్తికుడి మాట కంటే ఆమె మాటకే ఊళ్లో విలువ ఎక్కువ. పెన్‌గంగ దాటితే వచ్చే మహారాష్ట్రలో ఈ సంగతిని చట్టంలోనే రాశారు. మూఢనమ్మకాల మీద పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపాక, నరబలి, చేతబడి పేరిట జరిగే అమానుషాలను నేరాలుగా చేస్తూ అక్కడ చట్టం వచ్చింది. ప్రదక్షిణలను, యాత్రలను, భజనలను, కీర్తనలను ఆ చట్టం ముట్టుకోదు. కర్ణాటక 2017లో ఇటువంటి చట్టం చేసింది. బిహార్ 1999లోనే మంత్రగత్తెలనే నెపంతో ఆడవారిని హింసించడాన్ని నేరం చేసింది. అంటే ఆదిలాబాద్‌లో నది ఇవతలి ఒడ్డున భూతవైద్యుడు చేసే పనికి, అవతలి ఒడ్డున ప్రత్యేక చట్టం కింద కేసు పడుతుంది. మనకు అటువంటి ప్రత్యేక చట్టం లేదు. హత్య జరిగాక హత్య కేసు, కొట్టాక కొట్టిన కేసు, అంతే. మనిషి పోకముందే ఆపే చట్టం కావాలి. దాన్ని అడగాల్సింది ఒక్క నాస్తికులే కాదు, వేములవాడ రాజన్నకు, ధర్మపురి నరసన్నకు మొక్కే ప్రతి ఒక్కరూ అడగాలి.

చట్టం వచ్చేదాకా చేయగలిగింది ఒకటుంది. మీ వాడలో ఎవరి మీదైనా "చేతబడి చేస్తున్నడు" అన్న మాట పుడితే అది గుసగుసగా ఉన్నప్పుడే 112కు ఫోన్ చేయండి. రోగిని భూతవైద్యుడి దగ్గరికి కాక దగ్గరి ప్రభుత్వ దవాఖానకు తీసుకుపోండి. మీరు నమ్మేవారైనా, నమ్మనివారైనా.